ఆప్తులకు అండ వీలునామా

1955లో వివాహమైన ఒక యువతి భర్త మూడు నెలలలోపే పాముకాటుకు గురై మరణించాడు. అత్తవారింట ఆమెకు నిలువ నీడ లేకపోయింది. పుట్టింటికి చేరి, తల్లిదండ్రుల ఆదరణలో చదువుకొని, ఉద్యోగం సంపాదించి, తన కాళ్లపై తాను నిలబడింది. బ్యాంకు ఖాతాలలోను, భవిష్యనిధిలోను కొంత సొమ్ము కూడబెట్టింది. 1996లో ఆమె మరణించింది. ఆమెకు సంతానం లేదు, వీలునామా కూడా రాయలేదు. ఆ సొమ్ము తనకు చెందాలని కన్నతల్లి కోరింది. భర్త సోదరి కుమారులు తమకే చెందాలన్నారు. వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2009లో తీర్పు భర్త తరఫు వారికే అనుకూలంగా వెలువడింది. సానుభూతిని బట్టి కాక శాసనాన్ని బట్టే వారసత్వం నిర్ణయం కావాలని న్యాయస్థానం భావించింది.

ఈ తీర్పునకు ఆధారం 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షను. హిందూ స్త్రీ వీలునామా లేకుండా మరణిస్తే ఆమె ఆస్తి మొదట భర్తకు, కుమారులకు, కుమార్తెలకు చెందుతుంది. వారెవరూ లేనప్పుడు భర్త వారసులకు సంక్రమిస్తుంది. తల్లిదండ్రుల వంతు ఆ తరువాతనే వస్తుంది. సంతానం లేని స్త్రీకి తల్లిదండ్రుల నుండి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు తిరిగి చేరుతుంది. స్వార్జితానికి ఈ మినహాయింపు లేదు. ఆ స్త్రీ ఒక కాగితంపై తన కోరికను రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి ఉంటే, ఆమె కష్టార్జితం ఆదరించిన తల్లికే దక్కేది.

శాసనం అందరికీ వర్తించే సామాన్య నియమాన్ని మాత్రమే చెప్పగలదు. ఎవరు ఎవరిని ఆదుకున్నారో, ఏ బిడ్డకు ఎక్కువ అవసరమో దానికి తెలియదు. ఆ లోటును పూరించే సాధనమే వీలునామా.

రాయడం ఎలా?

వీలునామాకు నిర్ణీతమైన నమూనా ఏదీ లేదు. స్టాంపు కాగితం అవసరం లేదు. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం, మైనరు కాని వ్యక్తి, స్వస్థచిత్తంతో ఉన్నప్పుడు, ఇతరుల బలవంతం లేకుండా రాస్తే చాలును. రాసిన వ్యక్తి సంతకం చేయాలి; చదువు రానివారు వేలిముద్ర వేయవచ్చును. కనీసం ఇద్దరు సాక్షులు దానిని ధ్రువీకరిస్తూ, రాసిన వ్యక్తి ఎదుట తాము కూడా సంతకాలు చేయాలి. ఆస్తి పొందబోయేవారు సాక్షులుగా లేకుండుట శ్రేయస్కరం. వయసు మీరినవారు వైద్యుని సాక్షిగా ఉంచుకుంటే, వారి మానసిక స్థితిని గురించి తరువాత వివాదం తలెత్తే అవకాశం తగ్గుతుంది.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా రిజిస్టరైన పత్రం పోయిందని గాని, మారిందని గాని అనుటకు తావు తక్కువ. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచే సౌకర్యం కూడా చట్టంలో ఉంది. పత్రంలోని ఆదేశాలను అమలు జరిపే కార్యనిర్వాహకుని పేరు, ఆస్తుల వివరాలు స్పష్టంగా ఉండాలి. మైనరు బిడ్డలున్నవారు తమ అనంతరం వారికి సంరక్షకులెవరో కూడా సూచించడం మంచిది.

హద్దులు

దేశంలో వారసత్వ నియమాలు అందరికీ ఒకే విధంగా లేవు. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడవ వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వాలంటే వారసుల సమ్మతి అవసరం. గోవాలో పోర్చుగీసు కాలం నుండి వస్తున్న పౌరస్మృతి సంప్రదాయం ప్రకారం సంతానం ఉన్నవారు ఆస్తిలో సగభాగాన్ని మాత్రమే తమ ఇష్టానుసారం ఇవ్వగలరు. హిందువులు స్వార్జితాన్ని, ఉమ్మడి ఆస్తిలో తమ వాటాను మాత్రమే రాయగలరు. ఇతరుల వాటాను రాయలేరు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహం కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు కల్పించింది. 2005లో కేంద్ర చట్టం కుమార్తెలందరికీ ఆ హక్కును విస్తరింపజేసింది. అందుచేత కుమార్తె వాటాను తండ్రి వీలునామాతో తొలగించలేడు.

రెండు అపోహలు

నామినీ పేరు రాయించితే చాలుననే అభిప్రాయం చాలామందిలో ఉంది. బ్యాంకు ఖాతాలో నామినీ సొమ్మును స్వీకరించే వ్యక్తి మాత్రమే. ఆ సొమ్ముపై అంతిమ హక్కు వారసులది, లేదా వీలునామాలో పేర్కొన్నవారిది. వాటాల విషయంలోను సుప్రీంకోర్టు 2023లో ఇదే సూత్రాన్ని స్పష్టం చేసింది. జీవిత బీమా విషయంలో మాత్రం 2015 సవరణ అనంతరం, నామినీలుగా ఉన్న తల్లిదండ్రులకు, భార్య లేదా భర్తకు, సంతానానికి ఆ సొమ్ముపై హక్కు ఏర్పడుతుంది.

బతికుండగానే పిల్లలకు దానపత్రం రాసి ఇచ్చివేస్తే చిక్కులుండవనేది రెండవ అపోహ. దానపత్రంతో హక్కు వెంటనే చేయి దాటిపోతుంది. సాధారణంగా దానిని రద్దు చేయుట సాధ్యం కాదు. వీలునామా మరణానంతరమే అమలులోకి వస్తుంది. జీవించి ఉన్నంతకాలం దానిని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. దానపత్రమే రాయదలచిన వృద్ధులు తమ పోషణ బాధ్యతను అందులో షరతుగా పేర్కొనాలి. ఆ షరతు ఉల్లంఘన జరిగితే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం క్రింద ఆ బదిలీని రద్దు చేయించే వీలుంది.

వీలునామా అనగానే అశుభమని సంకోచించేవారు నేటికీ ఉన్నారు. ఆస్తి ఎంత స్వల్పమైనా, దానిని కూడబెట్టిన వ్యక్తి మనసులో ఒక ఉద్దేశం ఉంటుంది. కాగితంపైకి రాని ఉద్దేశానికి న్యాయస్థానంలో విలువ లేదు. ఆరోగ్యం, ఆలోచన చక్కగా ఉన్నప్పుడే ఆ నాలుగు మాటలు రాసి ఉంచడం ఆప్తుల పట్ల నెరవేర్చదగిన బాధ్యత.