సగములో నిలిచిన అల్లికలు, కుట్టుపనులు

మన యిండ్లలో పాతపెట్టె నొకదానిని తెరచి చూచినచో, అడుగున మూటగట్టి యుంచిన చేతిపని యొకటి సాధారణముగా కనబడును. అది సగము కుట్టిన బొంత కావచ్చును. ఒక చేయి లేని స్వెట్టరు కావచ్చును. అంచు పూర్తి యగుటకు జానెడు కొరతపడిన లేసుగుడ్డ కావచ్చును. పారవేయుటకు మనసొప్పదు, చేపట్టుటకు తీరిక చిక్కదు. అట్టి పనిని మరల నెత్తుకొను విధమును గూర్చి కొంత మనవి చేసెదను.

పని నిలిచిపోవుటకు సోమరితనమే కారణమని తలంపరాదు. కోతలు, పురుళ్లు, జబ్బులు, చుట్టములు - వీని నడుమ చిక్కిన గడియలలోనే స్త్రీలు సూది పట్టుచుందురు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురపు ప్రాంతమున 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక నెలకొని, పిమ్మట విదేశములకు ఎగుమతి యగు పరిశ్రమ యయ్యెను. మరియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడెను. వారిని గృహిణులుగా మాత్రమే లెక్కించి, దినమున పెక్కు గంటల వారి శ్రమను తీరికవేళల కాలక్షేపముగా నెంచుచుండిరని ఆమె చూపెను. నర్సాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన పెట్టెలోని సగము పనిని చూచునప్పుడు సైతము అందు ఇమిడిన శ్రమను ముందుగా గుర్తింపవలెను.

ఇక పని స్వభావమును తెలిసికొందము. కొక్కెపు సూదితో అల్లు లేసునందు సాధారణముగా విడిగా నిలుచు దారపు ఉచ్చు ఒక్కటియే. దానికి పిన్నీసు తగిలించి యుంచినచో ఎన్నేండ్లకైనను పని చెడదు. రెండు సూదుల ఉన్ని అల్లిక అట్లు కాదు. వరుసలో 100 కుట్లున్నచో 100 ఉచ్చులును సూదిమీదనే నిలిచియుండును. ఒకటి జారెనా, దాని క్రిందివి నిచ్చెనమెట్లవలె ఒకదాని వెంట నొకటి విడివడును. అట్లు విడిన మెట్లను కొక్కెపు సూదితో క్రిందినుండి ఒక్కొక్కటిగా పైకి లాగి మరల నిలుపవచ్చును. బొంతలో కుట్టు విడువదు గాని పొరలు జరుగును. కావున మొదట పొడుగైన కచ్చాకుట్లు వేసి పొరలను బిగించి, పిమ్మట అసలు కుట్టు సాగింపవలెను.

నర్సాపురపు పనితనమున ఒక మంచి యుపాయము గలదు. అచ్చట కొందరు చిన్న పూవులను అల్లుదురు. కొందరు వానిని జతపరచు అతుకుపని చేయుదురు. ఒక్కొక్క పూవు తనంతట తానే పూర్తి యగును. పని ఎచ్చట నిలిచినను అంతవరకు చేసినది చెడదు. గృహములందును పెద్దపనిని ఇట్లు ముక్కలుగా విభజించుకొనుట మేలు.

పాతపనిని చేపట్టుటకు ముందు వెలుతురున విప్పి పరీక్షింపవలెను. దారపు కొసను లాగి చూడవలెను. పుటుక్కున తెగినచో ఆ దారము పనికిరాదు. ఉన్నిని పురుగు తినును. గంజి పెట్టిన నూలుగుడ్డను వెండిపురుగు కొరుకును. గ్రుచ్చి విడిచిన యినుపసూది త్రుప్పుమరక చేయును. కావున సూదిని వేరుగా దాచవలెను. చేతి బిగువు సైతము ఏండ్లతో మారును. వేరొక ముక్కపై 10 కుట్లు అల్లి, పాత 10 కుట్ల వెడల్పుతో పోల్చవలెను. క్రొత్తవి యిరుకైనచో లావుసూదిని, వదులైనచో సన్నసూదిని పట్టవలెను. క్రొత్తదారపు రంగు కొంచెము భేదించినచో, పాతది రెండు వరుసలు, క్రొత్తది రెండు వరుసలుగా కలిపి అల్లినచో ఆ భేదము కంటికి అంతగా తోపదు. చూపు మందగించినవారు తెల్లని లేసు క్రింద నల్లగుడ్డ పరచుకొన్నచో కన్నులు స్పష్టముగా కనబడును.

అన్నిటిని పూర్తిచేయవలెనను నియమము లేదు. బిడ్డకై ఆరంభించిన స్వెట్టరు ఆ బిడ్డకు చాలకున్నచో మనుమనికి సరిపోవచ్చును. ఎవరికిని పనికిరానిచో విప్పి, ఉన్నిని చిలుపగా చుట్టి, తడిపి, కొంచెము బరువు కట్టి వ్రేలాడదీసినచో మెలికలు పోయి క్రొత్తపనికి వచ్చును. ఓపిక లేనివారు నేర్చుకొను పిల్లల కీయవచ్చును. ఇచ్చునప్పుడు ఏ సూది, ఎన్ని కుట్లు, ఏ వరుసలో నిలిచినది - ఇవి చీటిపై వ్రాసి కట్టవలెను.

పల్లెలోనున్నను, హైదరాబాదున మోతీనగరు వంటి పేటలో కాపురమున్నను, ఇంటి పెద్దలు ఒక యేర్పాటు చేయవచ్చును. ఇంటిలోని స్త్రీకి దినమున అరగంట ఎవరును పిలువని వేళగా విడిచిపెట్టుడు. ఆమె ఆపిన పనికి కావలసినది దారముకంటె ముఖ్యముగా ఆ యరగంటయే.