ఒంటిలోని నారుమడి



నారుమడి చెడితే ఎంత మంచి పొలమైనా ఏం లాభం? మన ఒంట్లోనూ ఒక నారుమడి ఉన్నది. అదే ఎముకల్లోని మూలుగ. నెత్తురులోని ఎర్రకణాలు, తెల్లకణాలు, గడ్డకట్టించే ఫలకికలు మూడూ అక్కడే పుడతాయి.

క్లోరాంఫెనికాల్ అనే మందు 1949లో బజారుకు వచ్చింది. టైఫాయిడుకు గొప్ప మందనిపించుకున్నది. కొద్ది ఏండ్లకే దానిలోని చెడుగు బయటపడ్డది. సుమారు 25,000 నుంచి 40,000 మందిలో ఒకరికి ఆ మందు వల్ల మూలుగ ఎండిపోతుంది. కొద్దిగా వాడినా రావచ్చు, మానిన కొన్ని నెలలకైనా రావచ్చు. ఎవరికి వస్తుందో ముందు చెప్పలేము.

మూడేండ్ల పిల్లవాడనుకోండి. జ్వరం తగ్గి ఆడుకుంటున్నాడు. రెండు నెలలకు ముఖం పాలిపోయింది. దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్లనుంచి నెత్తురు, విడవని జ్వరం. తల్లి దిష్టి అనుకుంటుంది. కాదమ్మా! వెంటనే పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి. వాడిన మందుల చీటీ వెంట తీసుకుపోండి. నెత్తురు ఎక్కించి నిలబెట్టి, తోబుట్టువు మూలుగ సరిపడితే అది ఎక్కించి బతికించే వీలున్నది.

రొయ్యల చెరువుల్లో ఈ మందు నిషిద్ధం. తినేవారికి ఎంత శేషం అపాయం లేనిదో తేల్చలేకపోవడమే కారణం. కనుక చెరువులో వేయవద్దు. ఇంట్లో మిగిలిన మాత్ర, పశువుల మందు డాక్టరు చెప్పకుండా పిల్లలకు పట్టవద్దు. విస్తరణ కార్యకర్తలు ఈ మాట ఇంటింటా చెప్పవలెను.