నలభై దాటితే చత్వారం ఎందుకు?

సూదిలో దారం ఎక్కించమని అమ్మ మిమ్మల్ని పిలుస్తోందా? నవ్వకండి. ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి.

ఒక కన్ను మూసి, ఈ పుటను రెండో కంటికి దగ్గరగా తీసుకురండి. అక్షరాలు మసకబారే దూరాన్ని స్నేహితుని చేత దారంతో కొలిపించండి. మీకు అది సుమారు 10 సెంటీమీటర్లు. యాభై దాటిన నాకు 40కి పైనే!

దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోని కటకం ఉబ్బాలి. వయసుతో అది గట్టిపడి, తగినంత ఉబ్బలేదు. ఇదే చత్వారం. సంస్కృతంలో ‘చత్వారింశత్’ అంటే నలభై.

ఈ లోటును కుంభాకార కటకాల కళ్ళజోడు తీరుస్తుంది. రెండు భాగాల అద్దాలలో కింది భాగం చదవడానికే. మెట్లు దిగేటప్పుడు దానిగుండా చూస్తే మెట్టు మసకబారి, కాలు తడబడుతుంది. తల వంచి పైభాగం గుండా చూడాలి. అది అలవాటయ్యేదాకా, మెట్ల దగ్గర అమ్మకు మీ చేయి అందించండి.