చర్మతత్వం – సంరక్షణ సామగ్రి ఎంపిక

ముఖం కడిగి, ఏమీ రాయకుండా అరగంట గమనించండి. అంతటా జిడ్డు తేలితే జిడ్డుచర్మం. బిగుతుగా లాగితే పొడిచర్మం. నుదురు, ముక్కు, గడ్డం మాత్రమే జిడ్డైతే మిశ్రమచర్మం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే నేలకొండపల్లి ప్రాంతంలో పొలం పనికి వెళ్లేవారికైనా ముఖ్యంగా కావలసినవి మూడే: సున్నితమైన క్లెన్సర్, మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. జిడ్డుచర్మానికి జెల్, పొడిచర్మానికి క్రీమ్ తగినవి. సెట్ మొత్తం ఒకేసారి మొదలుపెట్టరాదు. ఒక్కొక్కటి మోచేతి మడతలో కొన్నిరోజులు రాసి చూడాలి.

తెల్లబడటానికని అమ్మే క్రీముపై బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసోల్ పేర్లుంటే అది సౌందర్యసాధనం కాదు, స్టెరాయిడ్ ఔషధం. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. మానితే ఎర్రబారి మండుతుంది. 2018లో కేంద్రప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. వాటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లోని క్రీము సౌందర్యసాధనమా, ఔషధమా? పెట్టెపై దినుసులు చదివి రాయండి.