మీకు తెలుసా? నాలుగక్షరాలు పెంచితే లక్షల రెట్ల బలం

ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో దాదాపు 20,900 కోట్ల పాస్‌వర్డ్‌లు అల్లవచ్చు. మనకు పెద్ద సంఖ్యే, కంప్యూటర్‌కు కాదు. అదే పన్నెండు అక్షరాలైతే ఆ సంఖ్య మరో 4.57 లక్షల రెట్లు పెరుగుతుంది. గజిబిజి గుర్తులకన్నా పొడవే ముఖ్యమనేది ఇందుకే. గొడుగు, చింతపండు, రైలు, జాబిలి ఇలా పొంతన లేని మాటలు నాలుగైదు కలిపి ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే మనకు గుర్తుంటుంది, ఎదుటివాడికి అందదు. (ఇక్కడ అచ్చయినవి మాత్రం వాడకండి.)

ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా పెట్టడం అసలు ప్రమాదం. ఒకచోట బయటపడితే దొంగలు దాన్నే మీ మెయిల్‌కూ బ్యాంకుకూ పెట్టి చూస్తారు. వేర్వేరువి గుర్తుండవంటే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ ఉంది. అది చేతకాని పెద్దవాళ్లకు బీరువాలో దాచిన నోటుపుస్తకం నయం. వాట్సాప్‌లో మాత్రం పంపకండి.

పాస్‌వర్డ్ ఎంత బలమైనదైనా రహస్యం మనమే చెప్పేస్తే వృథా. జంషెడ్‌పూర్ భాలుబాసా తెలుగువాళ్లకు జామ్‌తాడా పేరు కొత్త కాదు. అదీ జార్ఖండ్‌దే, ఫోన్ మోసాలకు దేశమంతా పేరుమోసింది. అక్కడి ముఠాలు తాళాలు పగలగొట్టలేదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి ఓటీపీ చెప్పించుకున్నాయి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.