కోడికి తోడు మునగాకు
* మాంసం తగ్గినా బలం తగ్గదు
* తల్లుల కంచంలోకీ ముక్క చేరాలి

శోళవరం: తిరువళ్లూరు జిల్లా శోళవరం నుంచి గుమ్మిడిపూండి మీదుగా తడ దాకా ఏ ఊళ్లో చూసినా ఆదివారం అంటే కోడికూరే. పెరట్లోనో, వీధి చివరనో మునగచెట్టూ కనిపిస్తుంది. కాయలైతే సాంబారులోకి పోతాయి. ఆకు మాత్రం చాలాసార్లు మేకల పాలు. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు చెప్పినా, మిగతా నెలల్లో దాన్ని తలచుకునేవారు తక్కువే. తమిళంలో మురుంగై కీరై అనే ఈ ఆకును కోడికూరలో కలిపితే రుచికి రుచి, బలానికి బలం.

ఎందుకింత అవసరం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ సగానికి మించే. సరిహద్దుకు ఏ పక్కన చూసినా కథ ఒక్కటే.

మునగాకులో ఇనుము, కాల్షియం, విటమిన్ 'ఎ'గా మారే పదార్థాలు ఉన్నాయి. అయితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొంతే. పక్కన మాంసం ఉంటే ఎక్కువగా పడుతుంది. నిమ్మరసంలోని విటమిన్ 'సి' కూడా ఇందుకు సాయపడుతుంది. వంద గ్రాముల కోడిమాంసంలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంటే కిలో కోడి కొనే ఇంట్లో అర కిలోతో సరిపెట్టి, మిగతాది ఆకు, కూరగాయలతో నింపినా నష్టం లేదు. ఖర్చూ కలిసొస్తుంది.

కావాల్సినవి

తోలు తీసిన కోడిమాంసం అర కిలో, కాడలు ఏరిన మునగాకు నాలుగు గుప్పెళ్లు, క్యారెట్ ఒకటి, బీన్స్ పది, ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, అల్లం వెల్లుల్లి ముద్ద చెంచా, ధనియాల పొడి రెండు చెంచాలు, మిరియాల పొడి చెంచా, జీలకర్ర, పసుపు, ఉప్పు, వేరుసెనగ నూనె రెండు పెద్ద చెంచాలు, నిమ్మకాయ ఒకటి.

చేసే విధానం

నూనె కాగాక జీలకర్ర, ఉల్లి ముక్కలు వేయించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు వేసి పచ్చివాసన పోయాక మాంసం, ఉప్పు కలిపి అయిదు నిమిషాలు వేపాలి. టమాటా, క్యారెట్, బీన్స్, ధనియాల పొడి వేసి గ్లాసుడు నీళ్లు పోసి, మూతపెట్టి సన్నని సెగపై ఉడికించాలి. ముక్క మెత్తబడ్డాకే మునగాకు వేయాలి. మరో అయిదు నిమిషాలు చాలు. మిరియాల పొడి చల్లి దించేయాలి. వేడికి విటమిన్ 'సి' పోతుంది కాబట్టి నిమ్మరసం వడ్డించేటప్పుడే పిండుకోవాలి.

భోజనం కాగానే టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. తిండికి ముందూ వెనకా గంటసేపు వాటి జోలికి వెళ్లొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. రక్తం బాగా తక్కువగా ఉన్నవారు మాత్రం కూరను నమ్ముకుని మాత్రలు మానకూడదు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాల్సిందే.

ఇక చివరిమాట వడ్డన గురించి. 'నాకు ముక్కలొద్దు, పులుసు చాలు' అనే అమ్మ చాలా ఇళ్లలో ఉంటుంది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే ఆమె వంతు. రక్తం తక్కువయ్యేదీ ఎక్కువగా ఆమెకే. పొయ్యి మీంచి దించగానే ఆమె వాటా ముందు తీసి పక్కన పెడితేనే ఈ వంటకు అర్థం.