నేలనే శిల్పంగా మలచిన చండీగఢ్ రాక్ గార్డెన్

(ప్రత్యేక వ్యాసం)

శిల్పం అనగానే రాతితోనో, లోహంతోనో రూపొందించిన ప్రతిమ స్ఫురించడం సహజం. అయితే నేల ఎత్తుపల్లాలు, నీటి ప్రవాహం, చెట్ల నీడ, నడకదారి, గోడ మొదలైన వాటినే సాధనాలుగా గ్రహించి, ఒక స్థలాన్ని సంపూర్ణ కళాఖండంగా తీర్చిదిద్దే ఉద్యాన రూపకల్పన కూడా శిల్పకళలో ఒక శాఖయే. ప్రతిమ చుట్టూ ప్రదక్షిణగా తిరిగి చూసే సందర్శకుడు ఇక్కడ శిల్పం లోపలనే సంచరిస్తాడు. మన దేశంలో ఇందుకు చక్కని ఉదాహరణ చండీగఢ్‌లోని రాక్ గార్డెన్.

దేశ విభజన అనంతరం భారతదేశానికి తరలివచ్చిన నేక్‌చంద్ సైనీ, 1951 నుండి చండీగఢ్ నిర్మాణ పనులలో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా సేవలందించారు. ఫ్రెంచి వాస్తుశిల్పి లె కార్బూజియే ప్రణాళిక ప్రకారం నూతన నగరం వెలుస్తున్న రోజులవి. నగరం కోసం ఖాళీ చేయించిన గ్రామాల శిథిలాలను, సమీపంలోని వాగులలో లభించే వింత ఆకృతుల రాళ్లను ఆయన సైకిలుపై తరలించి, సుఖ్నా సరస్సు చేరువలోని అటవీ భూమిలో భద్రపరిచేవారు. విధి నిర్వహణ ముగిసిన పిదప, ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి ఈ పని సాగింది. నిర్మాణాలకు అనుమతి లేని ఆ ప్రాంతంలో సుమారు 12 ఎకరాల మేర విస్తరించిన ఈ కళాసృష్టి 1970వ దశకం మధ్యలో అధికారుల దృష్టికి వచ్చింది.

నిబంధనల మేరకు దానిని తొలగించవలసి ఉండగా, ప్రజల నుండి లభించిన మద్దతుతో కాపాడాలని నిర్ణయించి, 1976లో సందర్శకులకు తెరిచారు. నేక్‌చంద్‌ను సబ్ డివిజనల్ ఇంజనీరుగా నియమించి, పనివారిని సమకూర్చారు. 1984లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. కాలక్రమేణా ఉద్యానం సుమారు 40 ఎకరాలకు విస్తరించింది.

పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, విరిగిన కుండలు, పనికిరాని విద్యుత్ పరికరాలు, ఇనుప చిట్టెం మున్నగు వ్యర్థాలతో రూపొందిన మనుషుల, జంతువుల, పక్షుల బొమ్మలు ఇక్కడ వందల సంఖ్యలో బారులు తీరి కనిపిస్తాయి. పత్రికలలో తరచుగా వెలువడే ఛాయాచిత్రాలు ఇవే. అయితే ఈ ఉద్యానానికి శిల్పత్వం సిద్ధించినది కేవలం బొమ్మల వలన కాదు. తల వంచితే గాని ప్రవేశించలేని పొట్టి ద్వారాలు, ముందున్నదేమిటో కనిపించనీయని వంపుల దారులు, ఇరుకు సందు దాటగానే ఎదురయ్యే విశాలమైన ప్రాంగణాలు, ఎత్తైన గోడల మీదుగా జాలువారే జలపాతాలు సందర్శకుని నడకను, చూపును నిర్దేశిస్తాయి. తిన్నని రోడ్లతో, దీర్ఘచతురస్రాకారపు సెక్టార్లతో వెలసిన నగరం పక్కనే ఇటువంటి వంపుల లోకం ఉండడం విశేషం. ఈ అమరికలో గోడ కూడా బొమ్మతో సమానమైన శిల్ప భాగమే.

ఇటువంటి కళాఖండాల పరిరక్షణలో ఎదురయ్యే చిక్కు ఇక్కడనే ఉన్నది. ప్రతిమను ప్రదర్శనశాలకు తరలించవచ్చును, స్థలాన్ని తరలించలేము. నిర్వహణ సడలినా, హద్దులు మారినా శిల్పమే దెబ్బతింటుంది. 1996లో నేక్‌చంద్ విదేశాలలో ఉన్న సమయంలో సిబ్బందిని ఉపసంహరించగా, దుండగులు పలు శిల్పాలను ధ్వంసం చేశారు. ఆయన 2015 జూన్ 12న కన్నుమూశారు. 2025లో హైకోర్టు వైపు రోడ్డు విస్తరణ, వాహనాల పార్కింగు అవసరాల నిమిత్తం ఉద్యానపు గోడలో కొంత భాగాన్ని తొలగించినప్పుడు నగర పౌరులు, కళాభిమానులు నిరసన తెలిపారు. రాకపోకల సౌకర్యం దృష్ట్యా అది ఒక ప్రహరీ భాగం మాత్రమే. కళాదృష్టితో చూసినచో శిల్పానికి ఒక అంగం.

కనుక ఇటువంటి ఉద్యానాల వివరాలు నమోదు చేసేటప్పుడు బొమ్మల సంఖ్యతో సరిపెట్టక, గోడలు, దారులు, నేల మట్టాలు, నీటి మార్గాలు, చెట్లను సైతం కళాఖండంలో అంతర్భాగాలుగా పటాలలోను, దస్త్రాలలోను చేర్చడం అవసరం. అట్లు నమోదైన పక్షంలో, అభివృద్ధి పనుల ప్రతిపాదన వచ్చినప్పుడు కోల్పోయేది ప్రహరీయా, శిల్పమా అన్నది ముందుగానే స్పష్టమవుతుంది.